ముందు కాంట్రాక్టు, ఆ తర్వాతే కోడ్

చిరంజీవికి ఆశీస్సులు.

జావాలో రాసే సర్వీసును డాట్‌నెట్ వాళ్లు వాడుకోవాలి, రేపు పైథాన్ టీమ్ కూడా వచ్చి చేరుతుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగావు. కోడ్ దగ్గర మాత్రం మొదలుపెట్టకు. ముందు కాంట్రాక్టు, అంటే సర్వీసుకు ఏం పంపాలి, తిరిగి ఏం వస్తుంది అన్న ఒప్పందం రాసి, రెండు వైపులవాళ్లూ ఒప్పుకున్నాకే క్లాసుల జోలికి వెళ్లు. ఎక్స్ఎంఎల్ సందేశాలతో నడిచే సోప్ పద్ధతి అయితే దాన్ని డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలులో, మామూలు వెబ్ రిక్వెస్టులతో నడిచే రెస్ట్ పద్ధతి అయితే ఓపెన్ఏపీఐ ఫైలులో రాస్తారు. క్లాసు నుంచి కాంట్రాక్టు పుట్టించడం తేలికే, కానీ నీ భాష అలవాట్లన్నీ దాంతోపాటే అందులోకి దూరతాయి. డాట్‌నెట్‌కే సొంతమైన డేటాసెట్‌ను (టేబుళ్లను మెమరీలో ఉంచే ఆబ్జెక్టు) ఉన్నదున్నట్టు పంపిస్తే జావా వైపు కూర్చున్నవాడు దాన్నేం చేసుకుంటాడు?

అసలు తిప్పలన్నీ డేటా టైపుల దగ్గరే. జావాలో లాంగ్ అనే పూర్ణసంఖ్య టైపు 64 బిట్లు. జావాస్క్రిప్ట్ మామూలు నంబరులో 9007199254740991 దాటిన పూర్ణసంఖ్యలకు గ్యారంటీ లేదు. నువ్వు జేసన్‌లో (డేటాను టెక్స్టుగా పంపే ఫార్మాట్) 9007199254740993 పంపితే, అటువైపు జావాస్క్రిప్ట్‌లో చివరి అంకె 2గా మారిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు. అది కస్టమర్ ఐడీ అయితే ఇంకొకరి వివరాలు తెరుచుకోవచ్చు. అందుకే పెద్ద ఐడీలను స్ట్రింగుగానే పంపు. డబ్బు లెక్కలు ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే టైపు) పెట్టనే పెట్టకు.

తేదీలు 2024-03-01T10:30:00Z పద్ధతిలో (చివరి Z అంటే యూటీసీ టైమ్), టైమ్‌జోన్‌తో సహా ఉండాలి. అది లేకపోతే ఎవరి సర్వరు టైమ్‌ను వాళ్లు ఊహించుకుంటారు. ఫీల్డు అసలు లేకపోవడం, నల్ (విలువ లేదనే గుర్తు) ఉండడం, ఖాళీ స్ట్రింగు ఉండడం, ఈ మూడూ వేర్వేరు. ఏది ఎప్పుడు వస్తుందో కాంట్రాక్టులోనే రాయి. డాట్‌నెట్ భాష సీషార్ప్‌లో మామూలు ఇంట్ (పూర్ణసంఖ్య టైపు) నల్‌ను పట్టుకోలేదని గుర్తుంచుకో. అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, అందులో చర్చే లేదు.

పాత సోప్ సర్వీసులతో పని పడితే సందేశం మొత్తం స్కీమాలో రాసినట్టే ఉండే డాక్యుమెంట్/లిటరల్ స్టైలే ఎంచుకో. సోప్ సొంత ఎన్‌కోడింగ్ నియమాలతో విలువలు పంపే ఆర్‌పీసీ/ఎన్‌కోడెడ్ స్టైల్‌ను, వేర్వేరు కంపెనీల వెబ్ సర్వీసులు కలిసి పనిచేయాలని డబ్ల్యూఎస్-ఐ సంస్థ పెట్టిన బేసిక్ ప్రొఫైల్ నియమాలు 2004లోనే పక్కన పెట్టేశాయి.

టెస్టింగ్ చివర్లో చూద్దాంలే అనుకోవద్దు. మొదటి ఆపరేషన్ పూర్తవగానే వేరే భాషలో చిన్న క్లయింట్ రాసి పిలిచి చూడు. రెండు వైపులా జావా లైబ్రరీయే ఉంటే తప్పులు బయటపడవు. అవతలివాళ్లు పనిచేయట్లేదంటే టెన్షన్ పడకు, వాదనకూ దిగకు. వెళ్లిన రిక్వెస్టు, వచ్చిన రెస్పాన్సు ఉన్నవి ఉన్నట్టుగా తీసి ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. చాలాసార్లు నేమ్‌స్పేస్‌లో (ఎక్స్ఎంఎల్‌లో ఒకే పేర్లు కలిసిపోకుండా పెట్టే గుర్తు) ఒక్క అక్షరం తేడా అక్కడే దొరుకుతుంది.

కాంట్రాక్టు మొదటి డ్రాఫ్టు కాగానే నాకు పంపు. నంబర్లు, తేదీలు ఉన్న ఫీల్డులన్నీ ఒకసారి కలిసి చూద్దాం.