వాట్సాప్ ఫార్వర్డును పాఠంగా మలచుకోవడం: ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడి అనుభవం

ఉన్నత పాఠశాల పిల్లలకు బోధించడంలో సోషల్ మీడియాను వాడవచ్చా, వాడితే ఏ విధంగా అని మీరు అడిగారు. ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్న నా అనుభవంలో, పిల్లల చేత ఖాతాలు తెరిపించడం కంటే, వాళ్ల ఇళ్లలోని ఫోన్లకు ఎలాగూ వచ్చి పడే వాట్సాప్ ఫార్వర్డులనే తరగతికి తెచ్చి, పాఠ్యపుస్తకంలోని పటాన్ని చదివినంత శ్రద్ధగా చదివించడం మంచి ఫలితాన్ని ఇచ్చింది.

దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి నాసా తీసిన భారతదేశం అంటూ తిరిగే రంగురంగుల చిత్రాన్ని మీరూ చూసే ఉంటారు. పట్టణీకరణ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఆ చిత్రాన్నే తెర మీద చూపించి, అది నిజమో కాదో చెప్పకుండా, పిల్లలకు అట్లాసులు ఇచ్చి, తోచిన ప్రశ్నలన్నీ రాయమంటాను. దీపాల వెలుగులో ఈ నీలం, ఆకుపచ్చ ఎక్కడివన్న సందేహం ఎవరో ఒకరికి వస్తుంది. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. నిజానికి అది అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్త ఒకరు అనేక సంవత్సరాల ఉపగ్రహ సమాచారాన్ని కలిపి రూపొందించిన చిత్రం. 1992కు ముందే ఉన్న వెలుగులను తెలుపుతోను, 1992లో కొత్తగా కనిపించినవాటిని నీలంతోను, 1998 నాటివాటిని ఆకుపచ్చతోను, 2003 నాటివాటిని ఎరుపుతోను చూపారు. 2012లో నాసాయే ఈ సంగతి వివరిస్తూ, ఆ ఏడాది నవంబరు 12 రాత్రి నిజంగా తీసిన ఉపగ్రహ చిత్రాన్ని ప్రచురించింది. పండుగకు అదనంగా వెలిగే కాంతి అంతరిక్షం నుంచి దాదాపు గుర్తించలేనంత స్వల్పమని కూడా తెలిపింది.

రంగుల అర్థం తెలిసిన తరువాత, తప్పుడు వ్యాఖ్యతో వచ్చిన ఆ చిత్రమే నగరాల విస్తరణను చూపే పటంగా మారుతుంది; ఎరుపు ఎక్కడెక్కడ ఉందో, అక్కడ ఏ రహదారులు, పరిశ్రమలు ఉన్నాయో పిల్లలు అట్లాసులో వెతుకుతారు. ఒక విద్యార్థిని, ఇలాంటివి పంపడం వల్ల ఎవరికి లాభమని అడిగినప్పుడు మిగిలిన పీరియడంతా ఆ చర్చకే వదిలేశాను. సిలబస్ వెనుకబడుతుందని తెలిసినా, ఆ ప్రశ్నను మధ్యలో ఆపడం నాకు సబబనిపించలేదు.

ఇక తరగతి కోసం పెట్టే వాట్సాప్ గ్రూపుల విషయానికొస్తే, తల్లిదండ్రుల నంబర్లనే చేర్చి, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగు పెట్టండి. వాట్సాప్ వాడడానికి కనీస వయసు 13 ఏళ్లు; 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. కనుక పిల్లల ఫొటోలను, మార్కులను గ్రూపులో పెట్టకండి. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను పగలు తండ్రితో పనికి వెళ్తుంది కాబట్టి, ఫోను లేనిదే పూర్తికాని ఇంటిపని ఎప్పుడూ ఇవ్వకండి.