అమ్మమ్మ ఎందుకు మాట్లాడడం మానేసింది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గరి పల్లెటూరు. పదేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మావారిది గుంటూరు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఐదేళ్ల మా బాబు ఆమె చేతుల మీదే పెరిగాడు కాబట్టి ‘బేగి రా’, ‘నాను తినను’, ‘ఏటది?’ అని అచ్చం ఆమెలాగే మాట్లాడతాడు. ఈమధ్య బడిలో పిల్లలు వాడి మాటకు నవ్వారట. టీచరు కూడా ‘సినిమాలో కమెడియన్‌లా మాట్లాడుతున్నావే’ అన్నారట. అది విన్న మావారు అమ్మతో, మర్యాదగానే, ‘అత్తయ్యగారూ, బాబు ముందు కాస్త మంచి తెలుగు మాట్లాడండి’ అన్నారు. అప్పటి నుంచి అమ్మ వాడితో మాట్లాడడమే తగ్గించేసింది. నేనూ ఆఫీసులో అమ్మ ఫోన్ వస్తే పక్కకు వెళ్లి మాట్లాడేదాన్ని. పిల్లవాడి భవిష్యత్తు కోసం ఆమెను మాట మార్చుకోమనడం తప్పా?
— ఒక సోదరి, హైదరాబాదు

జవాబు: సోదరీ, మీ ఉత్తరంలో ‘మంచి తెలుగు’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీవారికి దురుద్దేశం లేదని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. కానీ మీ అమ్మగారికి వినిపించింది వేరు. తన తల్లి దగ్గర నేర్చుకున్న మాట, మిమ్మల్ని పెంచిన మాట చెడ్డ తెలుగని అల్లుడి నోట విన్నారు. ఆమె మౌనాన్ని అలకగా అనుకోకండి. మనవడికి తన వల్ల నగుబాటు కలుగుతోందని నమ్మి, వాడిని కాపాడుకోవడానికే ఆమె నోరు కట్టుకున్నారు.

ఆ మాటలు తప్పు తెలుగా అంటే, కానే కాదు. ‘బేగి’ అన్నది మనం పుస్తకాల్లో రాసే ‘వేగిరం’తో చుట్టరికం ఉన్న పదం. ‘నాను’ అన్నది పక్కనే ఉన్న కన్నడంలో బడిలో నేర్పే రూపం. భాషావేత్తలు తెలుగును ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని నాలుగు మాండలికాలుగా చూస్తారు. వాటిలో ఏ ఒక్కటీ మిగతా మూడింటి చెడిపోయిన రూపం కాదు. కృష్ణా గోదావరి జిల్లాల మాట ప్రమాణమైందంటే దానికి కారణం ఆ మాటలోని గొప్పతనం కాదు, ఆ నేలకు అందిన నీళ్లు. 1852లో ధవళేశ్వరం దగ్గర, 1855లో బెజవాడ దగ్గర ఆనకట్టలు పూర్తయ్యాక అక్కడ పంటలు పెరిగి, ఆ డబ్బుతో చదువులు, అచ్చు యంత్రాలు, పత్రికలు వచ్చి, తరువాత సినిమాకు పెట్టుబడి పెట్టే చేతులు కూడా ఎక్కువగా అక్కడి నుంచే రావడంతో, ఆ ప్రాంతపు చదువుకున్నవారి మాట క్రమంగా అందరూ అనుకరించవలసిన మాటగా స్థిరపడింది. గ్రాంథికాన్ని ఎదిరించి, జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న పుట్టింది మీ జిల్లాలోనే, పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మీ బాబు బడిలో కూడా ఆ రోజున సభ జరుగుతుందనుకుంటాను.

అయితే ఇది కేవలం భాష సంగతి అయితే మీరు ఫోన్ పట్టుకుని పక్కకు వెళ్లేవారు కారు. మన సినిమాల్లో దశాబ్దాల తరబడి నాయకుడు, నాయిక కోస్తా మాట మాట్లాడితే, శ్రీకాకుళం యాసను ఇంట్లో పనిమనిషికో, వాచ్‌మన్‌కో, నవ్వించడానికి వచ్చి పోయే అమాయకుడికో ఇచ్చారు. టీవీ స్కిట్లు ఆ అలవాటును ఇంటింటికీ చేర్చాయి. ఇక్కడ నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఒకటుంది. మీ జిల్లా నుంచి ఎంతోమంది ఇల్లు కట్టే పనులకు హైదరాబాదుకు, చెన్నైకి, చేపల వేటకు గుజరాత్ తీరానికి వలస వెళ్తారు. నగరంలో ఆ యాస ఎక్కువగా వినిపించేది మేడలు లేపే కూలీల నోటే. కాబట్టి ఆ మాటకు నవ్వేవాడు, తనకు తెలియకపోయినా, ఆ శ్రమకు, ఆ పేదరికానికే నవ్వుతున్నాడు. తెలంగాణ మాట కూడా ఇదే అవమానాన్ని మోసింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం, 2014లో రాష్ట్రం రావడం, ఆ తరువాత ‘ఫిదా’ వంటి సినిమాల్లో కథానాయికే ఆ మాట మాట్లాడడం వల్ల పదేళ్లలో వినే చెవి చాలా మారింది. ఉత్తరాంధ్ర మాటకు ఆ మర్యాద ఇంకా పూర్తిగా దక్కలేదు.

నవ్వులపాలైన మనిషి చివరకు తనను తానే ఆ పరాయి చెవితో వినడం మొదలుపెడతాడు. 1960లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో వాలెస్ లాంబర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రెండు భాషలూ బాగా వచ్చిన కొందరి చేత ఒకే విషయాన్ని ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి ఫ్రెంచిలో చదివించి, ఆ గొంతులు ఒకే మనిషివని చెప్పకుండా విద్యార్థులకు వినిపించాడు. ఇంగ్లీషు గొంతు మనిషే తెలివైనవాడని, నమ్మదగినవాడని ఇంగ్లీషు విద్యార్థులు అన్నారు. అందులో వింతేమీ లేదు. కానీ ఫ్రెంచి ఇళ్లలో పుట్టి పెరిగిన విద్యార్థులు కూడా తమ తల్లుల భాష మాట్లాడిన గొంతునే తక్కువగా అంచనా వేశారు. మీరు ఆఫీసులో పక్కకు నడిచిన ఆ నాలుగడుగులు కూడా అలాంటివే. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అది మీకు మీరుగా ఎంచుకున్న సిగ్గు కాదని చెప్పడానికే అంటున్నాను. బడిలో ఆ నవ్వు విన్న మీ బాబు ఇప్పుడు ఆ సిగ్గు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. బయటి నవ్వు నిజమో కాదో వాడికి తేల్చి చెప్పేది ఇల్లే. అమ్మమ్మ గొంతు తగ్గిపోయిన ఇల్లు వాడికి ఏమి చెబుతుందో ఆలోచించండి.

భవిష్యత్తు గురించి మీకు భయం అక్కరలేదు. నాలుగేళ్ల పిల్లలు తమకంటే చిన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు తమంతట తామే వాక్యాలు కుదించి, తేలిక చేసి మాట్లాడతారని 1970లలోనే పరిశోధకులు గమనించారు. ఎవరితో ఎలా మాట్లాడాలో ఆ వయసుకే తెలుస్తుంది. బడి తెలుగు బడిలోనూ, పుస్తకాలలోనూ వాడికి ఎలాగూ వస్తుంది. అమ్మమ్మ తెలుగు ఆమె దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం: అవును, మాట మార్చుకోమనడం తప్పే, కానీ దిద్దుకోగలిగిన తప్పు. మీవారితో ముందుగా విడిగా మాట్లాడండి. ఆయన గుంటూరు మాటను కూడా ఏదో ఒక చోట ఎవరో వెక్కిరించే ఉంటారు. ఆ జ్ఞాపకం కదిలితే ఆయనకు మీ అమ్మగారి బాధ సులువుగా అర్థమవుతుంది. అత్తగారికి పెద్ద క్షమాపణ అవసరం లేదు. ‘బాబుకు మీ ఊరి కథలు చెప్పండి అత్తయ్యగారూ’ అని ఆయనే అడిగితే చాలు. టీచరును కలిసినప్పుడు ఫిర్యాదు చేసినట్టు కాకుండా, ఆ యాస వాడి అమ్మమ్మదని, దానికి నవ్వితే వాడు ఆమెకు దూరమవుతున్నాడని నిదానంగా చెప్పండి. తరగతిలో ఒక్కొక్కరి ఇంట్లో ‘త్వరగా’ అన్న మాటను ఏమంటారో పిల్లలందరినీ అడిగి చూడమనండి.

మీ ఉత్తరమంతా వెతికినా అమ్మగారితో మీరు మీ ఊరి మాటలో మాట్లాడినట్టు ఒక్క వాక్యం కూడా కనబడలేదు. బాబుతో మొదలుపెట్టకండి. ఈ రాత్రి వాడు వింటుండగా, ‘అమ్మా, బేగి రా, తిందుము’ అని మీరే ఆమెను పిలవండి.