ఫ్రేముల దుకాణం పెట్టే ముందు ఒకరి దగ్గర పని నేర్చుకోవాలా?

మిర్యాలగూడలో ఫ్రేముల దుకాణం పెట్టాలనుకుంటున్నారని, వీడియోలు చూసి కొంత పని తెలుసుకున్నారని, కటింగ్ మిషన్ కొని నేరుగా మొదలుపెట్టవచ్చా లేక ఎవరి దగ్గరైనా చేరాలా అని మీరు అడిగారు. నల్లగొండ ప్రకాశం బజారులో ఒక పాత దుకాణంలో సహాయకుడిగా ఉండి, ఆ తరువాతే సొంతంగా పటాలు కట్టడం మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. మిషన్ కొనడం కొన్నాళ్లు ఆపి, ముందు ఒకరి దుకాణంలో చేరండి. కోయడం, మూలలు కలపడం చేతికి త్వరగానే వస్తాయి. ఎదుటివారు తెచ్చిన వస్తువును చూసి దానికి ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో తేల్చడం, అక్కడికక్కడే ధర కట్టి చెప్పడం మాత్రం గల్లా దగ్గర నిలబడితేనే వస్తాయి.

కోత విషయంలో ఒక్క లెక్క గుర్తుంచుకోండి. ఒక ఫ్రేముకు 45 డిగ్రీల కోతలు ఎనిమిది ఉంటాయి. ఒక్కొక్కటి అర డిగ్రీ తప్పినా చివరి మూల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా 4 డిగ్రీలై సందు కనిపిస్తుంది. ఎదురెదురు ముక్కల పొడవు సమానంగా లేకపోయినా అదే జరుగుతుంది. ఫ్రేము కట్టే పొడవాటి పట్టీని బీడింగ్ అంటాము. చెక్క బీడింగ్‌కు ఫెవికాల్ సరిపోతుంది కాని, సింథటిక్ బీడింగ్‌ను అది గట్టిగా పట్టదు, దానికి వేరే గమ్ము వాడాలి.

ధర కట్టడంలోనే కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోతారు. 12×18 అంగుళాల ఫోటో చుట్టుకొలత 60 అంగుళాలు కదా అని అంత బీడింగ్‌కే డబ్బు తీసుకుంటారు. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న బీడింగ్ అయితే, మూలల కోతలకు ఆ వెడల్పుకు ఎనిమిది రెట్లు, అంటే ఇంకో 12 అంగుళాలు పోతాయి. తొమ్మిదిన్నర అడుగుల కర్రలో 72 అంగుళాలు తీస్తే 42 మిగులుతాయి. అందులో 6×8 ఫోటోకు ఫ్రేము వస్తుంది, నిజమే. కాని ఆ సైజు ఫోటో, అదే రంగు కోరేవారు వచ్చేదాకా ఆ ముక్క గోడకు ఆని నిలబడే ఉంటుంది. పాత దుకాణాల వాళ్లు ముక్కలను ఎలా దాస్తారో, ఏ ముక్కను ఏ గిరాకీకి చూపిస్తారో గమనించడానికైనా అక్కడ చేరడం మంచిది.

ఇక అసలు విషయం. మన దగ్గర ఫ్రేముకు వచ్చేవాటిలో చనిపోయిన పెద్దల ఫోటోలు చాలా ఉంటాయి, అవి దశదినకర్మ నాటికి కావాలంటారు. కొన్నిసార్లు ఇంట్లో ఉన్న ఏకైక ఫోటో అదే అయి ఉంటుంది, పైగా తేమకు అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. దానిని లాగితే ముఖం అద్దంమీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించి, కొత్త ప్రింటుకు ఫ్రేము కట్టాలి. అందుకే అద్దానికీ ఫోటోకూ మధ్య మౌంట్ బోర్డు (ఫోటో చుట్టూ వచ్చేలా నడుమ కోసిన దళసరి అట్ట) పెట్టి ఖాళీ ఉంచుతాము. అసలు ఫోటోను సెల్లో టేపుతో అంటించకూడదు, కొన్నేళ్లకు అది పసుపు మరక విడిచిపెడుతుంది. పోచంపల్లి ఇక్కత్ ముక్కనో, అమ్మమ్మ గద్వాల చీర కొంగునో తెస్తే జిగురు మాట ఎత్తకుండా, నూలు బట్ట తొడిగిన బోర్డుమీద సన్నని కుట్లతో నిలపాలి. దేవుడి పటాలకు అద్దం, బొమ్మ, వెనుక అట్ట కలిపి అంచుల చుట్టూ టేపుతో బాగా మూయాలి, లేకపోతే తడిగుడ్డతో అద్దం తుడిచినప్పుడు కింది అంచు నుంచి నీళ్లు లోపలికి ఎక్కి బొమ్మ పాడవుతుంది. (కుంకుమ నీళ్లయితే ఇక చెప్పనక్కరలేదు.)

బ్రిటన్‌లో, అమెరికాలో ఫ్రేము పనివారికి వృత్తి సంఘాలు పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇస్తాయి. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నది ఐటీఐలో ఏడాది కార్పెంటర్ కోర్సే. చెక్కపని బాగా వస్తుంది కాని మౌంటు పని అందులో ఉండదు. మీ ఊళ్లోనే అడిగితే పోటీకి వస్తారని ఎవరూ నేర్పకపోవచ్చు, కనుక నల్లగొండలోనో సూర్యాపేటలోనో అడగండి, దుకాణం పెట్టే ఆలోచన దాచకండి. పెళ్లిళ్ల రోజుల్లో చేరితే మనిషి అవసరం వారికీ ఉంటుంది, రకరకాల పని మీ కంటపడుతుంది.

ఈలోగా ఇంట్లో సాధనకు చేతి రంపం, కోణపు పెట్టె (45 డిగ్రీల కోతకు రంపాన్ని నిలిపే గాళ్ల పెట్టె), అద్దం కోసే కలం, మౌంట్ కట్టరు చాలు. అద్దంమీద గీత ఒక్కసారే గీయాలి, అదే గీతమీద రెండోసారి కలం నడిపితే అద్దం వంకరగా పగులుతుంది, కలం కూడా మొద్దుబారుతుంది. మౌంట్ కట్టరు బ్లేడ్లు మాత్రం ఒక పెట్టె ఎక్కువే తెచ్చుకోండి. అరిగిన బ్లేడు బోర్డు అంచును కోయదు, చింపుతుంది.