అటక దిగిన మాల్ మళ్ళీ మాట్లాడాలంటే

ప్రశ్న: అక్కా నమస్తే. దీపావళికి ఇల్లు సర్దుతుంటే అటక మీద మా పెద్దనాన్న 90ల్లో అమెరికా నుంచి తెచ్చిన మాల్ మ్యాడ్‌నెస్ అనే షాపింగ్ బోర్డు గేమ్ దొరికింది. మా చిన్నప్పుడు అది భలే మాట్లాడేది. ఇప్పుడు కొత్త సెల్స్ వేసినా కిక్కురుమనట్లేదు, బ్యాటరీలు పెట్టే చోట తెల్లగా పొడి పేరుకుపోయి ఉంది. రిచీ స్ట్రీట్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే అతను పైపైన చూసి చిప్ పోయింది పారేయండి అన్నాడు. నిజంగా పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, క్రోంపేట, చెన్నై

జవాబు: తెరవకుండానే చిప్ పోయిందని చెప్పాడా, ఆయనకి దివ్యదృష్టి ఉన్నట్టుందమ్మా. పారేయొద్దు. ఇలాంటి పాత వాటిల్లో చిప్ పోవడం తక్కువ, బ్యాటరీ కారి కాంటాక్టులు తినేయడమే ఎక్కువ. ఆ తెల్ల పొడి ఉంది చూశావూ, అది ఆల్కలైన్ సెల్ లోపలి మందు బయటికొచ్చి గాలి తగిలి గట్టిపడింది. అది క్షారం కాబట్టి పులుపుకి లొంగుతుంది. ముందు సెల్స్ తీసేయి, చేతికి గ్లోవ్స్ లేకపోతే పాల కవరైనా తొడుక్కో, ఇయర్ బడ్‌ని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి రుద్దు, కాస్త బుసబుస పొంగుతుంది, భయపడకు. కారింది ఆల్కలైన్ కాని మామూలు చవక సెల్ (జింక్ కార్బన్) అయితే మాత్రం కథ రివర్సు, అది ఆమ్లం, దానికి నీళ్ళలో కలిపిన వంట సోడా వాడాలి. ఏది వాడినా చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఒక రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. తడి మీద సెల్స్ వేసి ఆన్ చేశావంటే ఆ షాపతను చెప్పిందే నిజమైపోతుంది.

తుడిచాక కూడా పలక్కపోతే స్ప్రింగ్ వెనక చూడు. మా మరిది దగ్గరున్న సెట్ కూడా ఇలాగే మూగబోతే మేం నాలుగు రోజులు స్పీకర్‌ని తిట్టుకున్నాం, తీరా స్క్రూలు విప్పితే స్ప్రింగ్‌కి అతికించిన నల్ల వైరు పచ్చగా చిలుము పట్టి వెంట్రుకలాగ ఒక్క పోగు మీద వేలాడుతోంది, ముట్టుకుంటే ఊడి చేతిలోకొచ్చింది. మా వీధి చివర మిక్సీలు బాగుచేసే ఆయన ఆ చిలుము పట్టిన ముక్క కోసేసి టంకం పెట్టి ఇచ్చాడు, పట్టుమని పది నిమిషాల పని. ఆన్ చేయగానే ఆ ఆడగొంతు గట్టిగా అరిచేసరికి ఆయనే ఉలిక్కిపడ్డాడు పాపం.

ఇంకోటి, రీచార్జబుల్ సెల్స్ వేయకు. అవి ఒక్కోటి 1.2 వోల్టులే, మామూలివి 1.5. ఆ తేడాకి కొన్ని పాత మెషీన్లు మాట మధ్యలో నీరసపడిపోతాయి. పాత సెల్ ఒకటి కొత్తది ఒకటి కలిపి వేయడం కూడా వద్దు. ఆడటం అయిపోయాక సెల్స్ తీసి దాచు, లేకపోతే వచ్చే దీపావళికి మళ్ళీ నాకు ఉత్తరం రాయాల్సొస్తుంది.

ప్రశ్న: అదే గేమ్‌కి రూల్స్ పేపర్ పోయింది, డబ్బు నోట్లు సగం లేవు. ఎలా సెట్ చేయాలి, ఎలా ఆడాలి కొంచెం చెప్తారా?

జవాబు: ముందు ఇది ఏ కాలందో చెప్పనీ. మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1988లో మాట్లాడనిది తెచ్చి 1989లో మాట్లాడేది తెచ్చింది. అప్పటికి మన ఊరు ఇంకా మద్రాసే, స్పెన్సర్ ప్లాజా కొత్త బిల్డింగ్ కూడా లేదు. మాల్ అంటే ఏంటో తెలీకుండానే మాల్‌లో పరుగులు పెట్టిన బ్యాచ్ మనది.

బోర్డు పరిచాక అట్ట గోడలు వాటి సందుల్లో గుచ్చాలి, రెండంతస్తుల షాపులు లేస్తాయి. అట్ట మెత్తబడి ఉంటుంది, బలవంతంగా తోస్తే మూల చిరుగుతుంది, వెనక సెలోటేప్ వేసి తర్వాత గుచ్చు. మాట్లాడే డబ్బా నడిమధ్యలో కూర్చోవాలి. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. ఒక్కొక్కళ్ళకి ఒక బొమ్మ, కొనాల్సిన లిస్టు, కొంత డబ్బు, ప్లాస్టిక్ కార్డు. నోట్లు చాలకపోతే బిజినెస్ గేమ్ నోట్లు కలుపు, అందరికీ సమానంగా పంచితే చాలు. లిస్టులు పోయుంటే బోర్డు మీదున్న షాపుల పేర్లు చీటీల మీద రాసి తలా ఆరు తీయించు.

ఇక ఆట. ఆన్ చేయగానే మెషీన్ ఫలానా షాపులో సేల్, ఫలానా దాంట్లో క్లియరెన్స్ అని చెప్తుంది. నీ వంతు వచ్చినప్పుడు బటన్ నొక్కితే ఎన్ని గడులు నడవాలో అదే చెప్తుంది, షాపుకి చేరాక కార్డు స్లాట్‌లో పెట్టి కొంటే ధర కూడా అదే చెప్తుంది. డబ్బైపోతే బ్యాంకు దాకా నడవాలి, ఆ నడకలోనే సగం మంది ఓడిపోతారు. లిస్టులో ఆరు వస్తువులు కొని అందరికన్నా ముందు పార్కింగ్‌కి చేరినవాళ్ళు గెలుస్తారు, కొనేసి షాపులోనే గంతులేస్తే కుదరదు.

అసలు కిటుకు చెప్తా విను, ఇందులో కళ్ళ కన్నా చెవుల పని ఎక్కువ. సేల్ ఎక్కడో చెప్పేటప్పుడు ఎవరో ఒకరు ఛిప్స్ కవర్ కరకరలాడించారంటే అంతే సంగతులు. లోపల క్యాసెట్టూ గీసెట్టూ ఏం లేదు, మాటల ముక్కలు చిప్‌లో దాచిపెట్టి అప్పటికప్పుడు అతికించి పలుకుతుంది, జాగ్రత్తగా వింటే షాపు పేరుకి ముందు చిన్న గ్యాప్ తెలుస్తుంది. ఆ గ్యాప్ రాగానే అందరూ నోరు మూసుకోవాలని మా ఇంట్లో రూలు. టీవీ ఆఫ్, ప్రెషర్ కుక్కర్ ఆఫ్. సేల్ ఉన్న షాపు దగ్గర్లో ఉంటే లిస్టు వరస పక్కనపెట్టి ముందు అక్కడికే పరుగెత్తు, పూర్తి ధర పెట్టి కొంటే నాలుగో వస్తువుకే చేతులెత్తేస్తావు.

ప్రశ్న: మా నానమ్మకి కూడా ఆడాలని ఉంది కానీ ఆ అమెరికా ఇంగ్లీషు అర్థం కాదు. మేం తెలుగులో చెప్తే ఆటలో మోసం అవుతుందా?

జవాబు: మోసమేముందిరా, ఎవరో ఒకరు అనౌన్సర్‌గా కూర్చోండి. సేల్ అంటే ఆషాఢం సేల్ అనీ, క్లియరెన్స్ అంటే రంగనాథన్ స్ట్రీట్‌లో ఆడి తళ్ళుబడి (ఆడి మాసం తగ్గింపు ధరలు) అనీ చెప్పండి, ఇట్టే పట్టేస్తుంది. అయితే అనౌన్సర్ ఆటలో ఉండకూడదు, ఉంటే తనకి కావాల్సిన షాపు మాత్రం నెమ్మదిగా తర్జుమా చేస్తాడు, మా పిల్లలు చేసిన పనే చెప్తున్నా. మా అత్తగారైతే ధర వినగానే మెషీన్‌తోనే బేరం మొదలెట్టారు. అది తగ్గించకపోయేసరికి కార్డు వెనక్కి లాక్కుని, పక్క షాపులో చూస్తాలే అని లేచారు.