ఇరవై నెలల పాపతో గాల్వెస్టన్ నుంచి మొదటి క్రూజ్: వెళ్లొచ్చా, ఆగాలా?

మీరు అడిగింది ఇదీ: డాలస్‌లో ఉంటారు, పాపకు ఇరవై నెలలు, మీ అత్తగారూ మావగారూ విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు, అందరూ కలిసి గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రోజుల మెక్సికో క్రూజ్‌కి వెళ్లాలా, లేక పాప కాస్త పెద్దయ్యాక చూద్దామా అని. వెళ్లండి. మా బాబు మీ పాప ఈడులో ఉన్నప్పుడు మా అమ్మానాన్నలతో కలిసి ఇదే రేవు నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లొచ్చాం. అందరూ షిప్ ఎంత పెద్దది, ఎన్ని జారుడుబల్లలున్నాయి, ఏ ఊళ్లో ఆగుతుంది అని చూసి బుక్ చేస్తారు. ఈ వయసు పిల్లలతో వెళ్లేటప్పుడు చూడాల్సింది గది. పాప మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటుంది, రాత్రి ఎనిమిది తర్వాత మీరు ఎక్కడ కూర్చుంటారు అన్నది తేలిపోతే సగం పని అయినట్టే.

వయసు గురించి బెంగ అక్కర్లేదు. రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి పెద్ద కంపెనీలు మామూలు ప్రయాణాలకు ఆరు నెలలు నిండిన పిల్లల్ని తీసుకెళ్తాయి. వరసగా మూడు నాలుగు రోజులు నేల తగలకుండా సాగే ప్రయాణాలకైతే ఏడాది నిండాలంటారు. మీ పాపకు రెండూ సరిపోతాయి.

గది సంగతికి వస్తాను. మామూలు క్యాబిన్‌లో పెద్దల మంచం, చిన్న సోఫా, వాటి మధ్య నడిచేంత దారి ఉంటాయి. అందులో ప్యాక్ అండ్ ప్లే, అంటే పిల్లలు పడుకునే మడత తొట్టి, వేశారంటే బాత్రూమ్‌కి పక్కగా జరుగుతూ వెళ్లాలి. దాన్ని డబ్బులు తీసుకోకుండానే ఇస్తారు, కానీ బుక్ చేసేటప్పుడే అడిగి రాయించుకోవాలి. ఇక పాప పడుకున్నాక లైట్ ఆర్పేసి మీరిద్దరూ చీకట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. దీనికి రెండు దారులు. ఒకటి బాల్కనీ గది: లోపల పాప నిద్రపోతుంటే మీరు బయట కుర్చీల్లో కూర్చుని సముద్రం చూడొచ్చు. రెండోది మీ అత్తమామలతో కలిపి కనెక్టింగ్ రూములు, అంటే మధ్యలో తలుపున్న రెండు గదులు. మీకు నేను చెప్పేది ఇదే. తలుపు తీస్తే ఒకే ఇల్లు, వేస్తే ఎవరి గది వారిది. పక్కపక్క గదులన్నీ కనెక్టింగ్ కావు, డెక్ మ్యాప్‌లో గుర్తు చూసుకోవాలి. ఇవి తక్కువ ఉంటాయి, త్వరగా అయిపోతాయి. అందుకే తేదీ ఖరారైన రోజునే పట్టుకోండి.

డెక్ మ్యాప్ తెరిచారు కదా, ఇంకో పని కూడా చేయండి. మీ గదికి పైనా కిందా ఏమున్నాయో చూడండి. రెండు వైపులా గదులే ఉన్న చోటు మంచిది. పైన పూల్ డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. కింద థియేటరో పాటలు పెట్టే బారో ఉంటే రాత్రి పదకొండు దాకా నేల దడదడలాడుతుంది. షిప్ మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు కూడా తక్కువ తెలుస్తుంది. కిటికీ లేని లోపలి గదిని తక్కువ చేసి చూడకండి. అందులో మధ్యాహ్నం కూడా అర్ధరాత్రిలా ఉంటుంది కాబట్టి పిల్లలు హాయిగా పడుకుంటారు. కనెక్టింగ్ జంటలో ఒకటి బాల్కనీ గది, ఒకటి లోపలి గది దొరికితే వదులుకోవద్దు. నిద్రకి హోరు శబ్దం అలవాటుంటే దాన్ని ఇంట్లోనే ఫోన్‌లోకి దించుకోండి. షిప్‌లో వైఫైకి విడిగా డబ్బులు కట్టాలి.

బాల్కనీ అన్నాను కదా, దాని భయం కూడా చెప్పాలి. రెయిలింగ్ ఎత్తుగానే ఉంటుంది, కానీ అక్కడే కుర్చీ, చిన్న బల్ల ఉంటాయి. ఏడాదిన్నర పిల్లకు కుర్చీ ఎక్కడం అర నిమిషం పని. పాప బయట ఉన్నంతసేపూ కుర్చీలు గోడ వైపు జరిపి ఉండాలి, ఒకరి చెయ్యి పాప మీద ఉండాలి. లోపలి నుంచి వేసే గొళ్లెం పిల్లలకు అందనంత ఎత్తున ఉంటుంది, లోపలికి రాగానే వేసెయ్యండి. ఫొటో కోసం రెయిలింగ్ మీద కూర్చోబెట్టే తాతయ్యలకు ముందే గట్టిగా చెప్పండి. మా నాన్నకి నేను చెప్పాను. కాసేపు ముఖం ముడుచుకున్నారు, ఫరవాలేదు.

ఇక చాలామందికి తెలియక నిరాశ పడే విషయం: డైపర్ మానని పిల్లలను పూల్‌లోకి రానివ్వరు. స్విమ్ డైపర్ వేసినా సరే. అమెరికా రేవుల్లో ఆగే షిప్‌ల మీద ఆరోగ్య శాఖ తనిఖీలుంటాయి, ఆ నియమాల వల్లే ఇది. కొన్ని షిప్‌లలో మాత్రం డైపర్ పిల్లల కోసం వేరుగా చిన్న నీటి ఆట స్థలం కట్టారు. డిస్నీ వాళ్లకు ఉంది, రాయల్ కరీబియన్‌లో కొన్ని షిప్‌లకే ఉంది. మీ పాపకు నీళ్లంటే ప్రాణమైతే బుక్ చేసేముందు ఆ షిప్ పేరు పెట్టి అడగండి, కంపెనీ పేరు చూసి ఊరుకోకండి. పిల్లల క్లబ్బులదీ ఇదే తంతు. చాలా చోట్ల మూడేళ్లు నిండి డైపర్ మానినవాళ్లకే ఉచిత క్లబ్. అంతకన్నా చిన్నవాళ్లకు నర్సరీ ఉంటే గంటకింత అని తీసుకుంటారు. కార్నివాల్‌లో రెండేళ్లు నిండితే క్లబ్‌లోకి తీసుకుంటారు, డైపర్లు కూడా వాళ్లే మారుస్తారు. పాపకు రెండేళ్లు నిండడానికి ఇంకో నాలుగు నెలలేగా, అప్పటిదాకా ఆగగలిగితే ఆ కంపెనీ మీకు లాభం. అయితే కొత్త ముఖాలు చూస్తే ఏడ్చే పిల్ల అయితే ఎన్ని క్లబ్బులున్నా ఒకటే.

తిండి. దీనికే కదా మన ఇళ్లలో అందరూ భయపడేది! ముందు తీసుకెళ్లకూడనివి చెప్తాను: రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె. ఇలాంటివి రేవులో బ్యాగులు స్కాన్ చేసేటప్పుడు పట్టుకుంటారు, దిగేటప్పుడు వెనక్కి ఇస్తారు. ఇంట్లో వండినవి కూడా ఒప్పుకోరు. ఫ్యాక్టరీలో సీలు వేసిన పొట్లాలు, పిల్లల ఆహారం తీసుకెళ్లొచ్చు. దీంతో మీ అత్తగారు ఊరి నుంచి దంచి తెచ్చిన ఉగ్గుపిండి, సీసాలో పోసిన రాగిపిండి ఇబ్బందిలో పడతాయి. లేబుల్ లేని పొడి చూస్తే ఎవరికైనా అనుమానమే. వాటి బదులు సీలున్న రాగిమాల్ట్ డబ్బా, సెరిలాక్, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, పోహా కప్పులు తీసుకెళ్లండి. బఫేలో టీ నీళ్లు రోజంతా మరుగుతూనే ఉంటాయి.

నిజానికి అవి పెద్దగా అక్కర పడవు. బఫేలో తెల్లన్నం, చప్పటి పెరుగు, ఉడికించిన కూరగాయలు, గుడ్లు, అరటిపండ్లు ఎప్పుడూ దొరుకుతాయి. అన్నంలో పెరుగు కలిపి చేత్తో మెత్తగా పిసికితే పాప భోజనం అయిపోయింది. పెద్ద షిప్‌ల బఫేలో పప్పో, ఏదో ఒక మసాలా కూరో కనిపిస్తుంది. షిప్ సిబ్బందిలో మనవాళ్లు చాలామంది ఉంటారు, గోవా, ముంబై, కేరళ వైపు వాళ్లు. డైనింగ్ రూమ్‌లో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి, రేపటి నుంచి ఇండియన్ వెజ్ కావాలి, పెద్దవాళ్లున్నారు అని చెప్పండి. మరునాటి రాత్రికి మెనూలో లేని పప్పు, రోటీ మీ బల్ల మీదికొస్తాయి. మా అమ్మ మొదటి రోజు పులిహోర లేదని దిగులుపడి, రెండో రోజు నుంచి ఆ వెయిటర్‌ని పేరు పెట్టి బాబూ అని పిలవడం మొదలుపెట్టింది. ఆవకాయ సీలు తియ్యని చిన్న సీసా ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి. దాని విలువ మూడో రోజు తెలుస్తుంది.

రాత్రి భోజనానికి తొందర సీటింగ్ తీసుకోండి, సాయంత్రం అయిదున్నర దరిదాపుల్లో ఉండేది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే పాప ప్లేటు ముందు తెమ్మనండి. పెద్దలకు మూడు విడతలుగా వడ్డించే ఆ పద్ధతికి పిల్లల ఓపిక ఆగదు. డెజర్ట్ దాకా కూర్చోలేకపోతే ఒకరు పాపను ఎత్తుకుని బయటికి నడవాల్సిందే. అదొక షిఫ్ట్ డ్యూటీ అనుకోండి. పాలు బఫేలో పోసుకుని రాత్రికి గదిలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కానీ ఆ ఫ్రిజ్ ఇంట్లో దానంత చల్లగా ఉండదు, పొద్దున్న దాకా ఉంచి తాగించొద్దు.

స్నానం గురించి ఎవరూ చెప్పరు. మామూలు గదుల్లో టబ్ ఉండదు, ఒక మనిషి నిలబడేంత షవర్ ఉంటుంది, దాని కర్టెన్ ఒంటికి అంటుకుంటుంది. షవర్ నీళ్లు ముఖం మీద పడితే ఏడ్చే పిల్లలకు మన మగ్గు, చిన్న ప్లాస్టిక్ బేసిన్ తప్ప వేరే మార్గం లేదు. రెండూ సూట్‌కేసులో డైపర్ల కింద ఇమిడిపోతాయి. డైపర్లు, వైప్స్ ఇంటి నుంచే తీసుకెళ్లండి, షిప్‌లో దొరికినా ధర మండిపోతుంది.

కాగితాలు. పాప ఇక్కడే పుట్టింది కాబట్టి అమెరికా రేవులో మొదలై అదే రేవుకు తిరిగొచ్చే ప్రయాణానికి బర్త్ సర్టిఫికెట్ చాలు. అయినా పాస్‌పోర్ట్ ఉంటేనే బయల్దేరమంటాను. కోజుమెల్‌లో ఎవరికైనా ఒంట్లో బాగోక విమానంలో తిరిగి రావాల్సివస్తే బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కనివ్వరు. మీ ఇద్దరికీ, అత్తమామలకీ భారత పాస్‌పోర్టులు, అందులో తిరిగొచ్చే రోజుకు కూడా చెల్లే అమెరికా వీసా ఉండాలి. అత్తమామల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని స్టాంపు మీద చూడండి. చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. బెలీజ్, హోండురాస్‌లోని రొవాటాన్ లాంటి చోట్ల ఆగే ప్రయాణమైతే ఆ దేశాల నియమాలు విడిగా చూసుకోవాలి. మీ హెచ్-1బి స్టాంపు గడువు దాటి ఉంటే మాత్రం ఎవరి అనుభవాన్నీ నమ్మకండి, నాదీ నమ్మకండి. లాయర్‌ని అడిగి, క్రూజ్ కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఇంకొకటి, క్రూజ్ వెళ్లొస్తే అత్తమామల ఐ-94కి, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డుకి, కొత్తగా ఆరు నెలలు వస్తాయని లెక్క వేసుకోకండి. మెక్సికోకి కొద్దిరోజులు వెళ్లొచ్చిన వాళ్లను పాత గడువు మీదే లోపలికి పంపడం మామూలే.

ఒంట్లో బాగోకపోవడం గురించి. రెండేళ్ల లోపు పిల్లలకు సముద్రపు వికారం అరుదు, అది రెండు దాటాక మొదలవుతుంది. బాధపడేది మీ అత్తగారు కావచ్చు, ఆవిడ మాత్రలు డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. పాపకు జ్వరం మందు, వాంతులైతే తాగించడానికి ఓఆర్‌ఎస్, పాప బరువుకి ఎంత మోతాదో రాసిన కాగితం మీ చేతి బ్యాగులో ఉండాలి. షిప్‌లో డాక్టర్ ఉంటారు కానీ బిల్లు మీ క్యాబిన్ ఖాతాలో పడుతుంది, మీ ఆఫీసు ఇన్సూరెన్స్ దాన్ని భరించకపోవచ్చు. విజిటర్లతో వెళ్తున్నారు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోండి. చేతులు సబ్బుతో కడగండి. షిప్‌లలో పాకే నోరోవైరస్‌కి శానిటైజర్ పెద్దగా పనిచేయదు.

కోజుమెల్‌లో తులుం శిథిలాలకు వెళ్లే టూర్ జోలికి పోవద్దు. ఫెర్రీ ఎక్కి ప్రధాన భూభాగానికి వెళ్లాలి, అక్కణ్నుంచి బస్సు, మళ్లీ అంతా వెనక్కి. ఎండలో పిల్లతో అది శిక్ష. టాక్సీల్లో కార్ సీటు ఉండదు, కాబట్టి రేవుకి దగ్గర్లోనే ఏదైనా చూసుకోండి. చాంకనాబ్ పార్కులో నీడ ఉంది, ఇసుక ఉంది, పిల్లలు చూడ్డానికి సీ లయన్లున్నాయి. ద్వీపం తూర్పు వైపు అలలు పెద్దవి, అటు వద్దు. అసలు దిగకపోయినా నష్టం లేదు. అందరూ ఊళ్లోకి పోయాక షిప్ ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది. అత్తమామలను ఒక గంట రేవులో తిప్పి, పాప నిద్ర టైముకి వెనక్కి తెచ్చేయండి. ఒక చిన్న జాగ్రత్త: చలికాలంలో కోజుమెల్ గడియారం టెక్సస్ కంటే గంట ముందుంటుంది, వేసవిలో రెండూ ఒకటే. ఫోన్ తనంతట తాను టైము మార్చేస్తుంది, మీరు మాత్రం షిప్ టైమే చూడాలి.

ఎప్పుడు వెళ్లాలంటే ఏప్రిల్, మే. జూన్ నుంచి నవంబరు చివరి దాకా హరికేన్ల కాలం. జనవరి, ఫిబ్రవరిలో గాల్వెస్టన్ కాలవలో పొగమంచు పట్టి షిప్‌లు గంటల తరబడి బయట ఆగిపోతుంటాయి. డాలస్ నుంచి ఐ-45 మీద దాదాపు 290 మైళ్లు, పాపతో ఆరు గంటలు వేసుకోండి. ముందురోజే వెళ్లి అక్కడ పడుకోండి. ఎక్కిన రోజు పెద్ద సూట్‌కేసులు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, అందుకని డైపర్లు, ఒక జత బట్టలు, పాల సీసా భుజాన ఉన్న బ్యాగులోనే. ఎక్కగానే పాప చేతికి మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదమొస్తే అందరూ చేరాల్సిన చోటు, రాసిన బ్యాండ్ కడతారు, దిగేదాకా తియ్యకండి. చిన్నసైజు లైఫ్ జాకెట్ గదిలో లేకపోతే క్యాబిన్ అటెండెంట్‌ని అడిగి తెప్పించుకోండి.

మీరిద్దరూ ఒక రాత్రి షోకి వెళ్లాలనుకుంటే అత్తగారిని ఆ రాత్రి కాకుండా ఇంటి దగ్గరే అడగండి. ఆవిడా సెలవు మీదే వచ్చారు. ఏ రాత్రి పాప ఎవరి దగ్గరో ముందే అనుకుంటే, ఒక రాత్రి వాళ్లిద్దరూ షోకి వెళ్తారు, మీరు పాపతో ఉంటారు. కనెక్టింగ్ తలుపు మధ్యలో ఉంటే ఇది ఇంకా తేలిక. దిగేముందు రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు. పొద్దున్న పాపకు వేసే బట్టలు, రెండు డైపర్లు, అందరి పాస్‌పోర్టులు అందులో వెళ్లిపోకుండా చూసుకోండి. సామాను మీరే మోసుకోగలిగితే బయట పెట్టకుండా మీతో పట్టుకుని ముందే దిగిపోవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు, స్ట్రోలర్, పాప అంటే మాత్రం బయట పెట్టేయడమే మేలు.