లాన్‌లో గుండ్రని ఎండు మచ్చలు: మందు కొట్టే ముందు గడ్డి లాగి చూడండి

అనంతపురంలో గరిక లాన్, ఏప్రిల్ నుంచి పళ్లెమంత మచ్చలు, శిలీంధ్రం మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. మన ఎండలకు మొదట అనుమానించాల్సింది తెగులును కాదు, నీళ్లను.

మచ్చలోకి పొడుగాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. పచ్చగా ఉన్నచోట సులువుగా దిగి మచ్చలో మొరాయిస్తే అక్కడ నేల ఎండింది, అంతే. రోజూ పైపైన తడిపితే వేళ్లు పైనే ఉండిపోతాయి. ఎర్రనేలలో రోజు విడిచి రోజు చదరపు మీటరుకు 10 లీటర్లు, అంటే 100 చదరపు మీటర్లకు 1000 లీటర్లు పెట్టండి. స్ప్రింక్లర్ కింద అక్కడక్కడా నిటారు అంచు గిన్నెలు పెట్టి స్కేలుతో కొలవండి. అన్నిట్లో 10 మి.మీ. రావాలి, చదరపు మీటరుకు 10 లీటర్లంటే అంతే. ఒకదాంట్లో 4, ఇంకోదాంట్లో 12 ఉంటే మీ మచ్చల గుట్టు అదే. తడి తెల్లవారుజామునే. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగులును పిలుస్తుంది.

నేల తడిగానే ఉందా? పిడికెడు గడ్డి పట్టి లాగండి. తేలిగ్గా ఊడొచ్చి, కాడలకు మట్టి పొర అంటుకుని ఉంటే చెదలు. పచ్చి పేడ, కోసి వదిలేసిన ఎండుగడ్డి వాటికి మేత. అవి తీసేసి, 100 చదరపు మీటర్లకు 5 కిలోల వేపపిండి చల్లి తడపండి. గడ్డి ఊడకుండా, పొద్దున్నే మంచులో మచ్చ మీద సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే అప్పుడు తెగులు. లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రం మందు కలిపి, చల్లపూట కొట్టాలి. పచ్చదనం కోసమని మే నెలలో యూరియా మాత్రం వేయకండి, లేత ఆకు తెగులుకు తేరగా దొరుకుతుంది.

ఈ ఎండల్లో గడ్డిని మరీ పొట్టిగా కోయకూడదు. ఒక్కసారిలో గడ్డి ఎత్తులో మూడోవంతుకు మించి తీయొద్దు. కొసలు తెల్లగా చీలికలై కనిపిస్తే బ్లేడు మొద్దుబారిందన్నమాట.

వేరుపురుగుకు ఇప్పుడే గుళికలు వేయమని అంగట్లో చెబితే వినకండి. శనక్కాయ రైతులకు తెలిసిందే, అది వేళ్లు కొరికేది వానలు పడ్డాక. తొలకరి పడిన సాయంత్రాల్లో దాని తల్లి పెంకుపురుగులు నేలలోంచి లేచి వేపచెట్టెక్కుతాయి. చీకటి పడ్డాక కింద దుప్పటి పరిచి కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయండి.