ప్రసూతి సెలవు పెడితే గ్రేడు తగ్గిస్తారా?

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, పీహెచ్‌డీ ఉంది. ప్రసూతి సెలవులో ఉన్న నెలల క్లాసులు కూడా లెక్కేసి, ఆ ఏడాది పనితీరు నివేదికలో ‘నాట్ శాటిస్‌ఫాక్టరీ’ రాశారు. ప్రమోషన్ పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: లేదమ్మా, లెక్కే తప్పు వేశారు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం, చెప్పిన క్లాసులు కేటాయించిన వాటిలో 80 శాతం, ఆపైన ఉంటే ‘గుడ్’, 70 నుంచి 80 లోపు ఉంటే ‘శాటిస్‌ఫాక్టరీ’. ప్రసూతి, శిశు సంరక్షణ, వైద్య, స్టడీ సెలవుల కాలాన్ని ఈ లెక్కలోంచి తీసేయాలని అందులోనే ఉంది. ఉదాహరణకు ఏడాదికి 320 క్లాసులు ఇచ్చారు, మీరు 190 చెప్పారు అనుకోండి. 59 శాతమే కనిపిస్తుంది. సెలవు రోజుల్లో పడిన 100 క్లాసులు తీసేస్తే 220కి 190, అంటే 86 శాతం. ‘గుడ్’ రావాలి.

సెలవు మంజూరు ఉత్తర్వు, టైమ్‌టేబుల్, టీచింగ్ డైరీ నకళ్లు జతచేసి ప్రిన్సిపల్‌కు అర్జీ ఇవ్వండి. ముట్టినట్టు సంతకం తీసుకోండి. ల్యాబ్, ట్యుటోరియల్ గంటలూ క్లాసుల కిందికే వస్తాయి. డైరీలో అవి రాయక నష్టపోయేవాళ్లు చాలామంది.

ఇంకొకటి చూసుకోండి. క్లాసులు నూటికి నూరు చెప్పినా, పరీక్షల విధులు, ఎన్‌ఎస్‌ఎస్, సెమినార్ నిర్వహణ, పరిశోధన వ్యాసం వంటి వాటిలో కనీసం ఒకటైనా లేకపోతే మొత్తం గ్రేడు ‘నాట్ శాటిస్‌ఫాక్టరీ’కే పడిపోతుంది. మూడు ఉంటే ఆ విభాగంలో ‘గుడ్’. ఉత్తర్వు కాగితం లేని పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఒకవేళ గ్రేడు మారకపోయినా కంగారు పడకండి. పీహెచ్‌డీ ఉన్నవారికి జీతాల లెవెల్ 10 నుంచి 11కి ప్రమోషన్ కోసం నాలుగేళ్లలో మూడేళ్లు ‘శాటిస్‌ఫాక్టరీ’ లేదా ‘గుడ్’ ఉంటే గ్రేడు షరతు తీరినట్టే. ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సుల వంటి మిగతా షరతులు వేరే.

ప్రశ్న: నా గ్రేడేమిటని అడిగితే ‘కాన్ఫిడెన్షియల్’ అంటున్నారు. ఇది సబబేనా?
– ఒక ప్రభుత్వ అధ్యాపకుడు, నల్గొండ

జవాబు: సబబు కాదు. దేవ్ దత్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది: మంచిదైనా చెడ్డదైనా, నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలి. ఆ కేసు వేసిన ఉద్యోగి దేవ్ దత్‌కు వచ్చింది ‘గుడ్’. ప్రమోషన్‌కు కావలసింది ‘వెరీ గుడ్’. ముందే చెప్పి ఉంటే అభ్యంతరం పెట్టుకునేవారు. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్నే ఖాయం చేసింది. ఎందుకు తగ్గించారో తెలియని గ్రేడు మనిషిని లోపల తొలిచేస్తుంది. దిద్దుకునే దారీ ఉండదు. రాతపూర్వకంగా నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏ ఏడాది నివేదికో స్పష్టంగా రాయండి.